జగదాంబ అంటే బస్టాపేనా? పెందుర్తి నుంచి చూస్తే విశాఖ థియేటర్ల లెక్క

పెందుర్తిలో సిటీ బస్సు ఎక్కి ‘జగదాంబ’కు టికెట్ అడిగే వాళ్లలో సినిమాకు వెళ్లేవాళ్లు ఎంతమంది ఉంటారు? పండక్కి బట్టలు కొనడానికి వెళ్లేవాళ్లు, కేజీహెచ్‌లో పడుకున్న చుట్టాన్ని చూడ్డానికి వెళ్లేవాళ్లు, కోచింగ్‌కు వెళ్లే పిల్లలు, పాత ఊరి వైపు ఉన్న బంధువుల ఇంటికి దావత్‌కు వెళ్లేవాళ్లు. అందరూ ఆ పేరే చెబుతారు. అది ఒక సినిమా హాలు పేరు అన్న సంగతి చాలామందికి గుర్తు కూడా రాదు. హాలు వచ్చింది 1970లో. తర్వాత ఆ కూడలికి ఆ హాలు పేరే స్థిరపడింది.

విశాఖలో ఇలాంటివి ఇంకా ఉన్నాయి. లీలామహల్ జంక్షన్ అంటారు. పూర్ణా మార్కెట్ దగ్గరకు వెళ్తే పూర్ణా థియేటర్ పేరు వినిపిస్తుంది. ఒక ఊరు తన దారులను సినిమా హాళ్ల పేర్లతో గుర్తు పెట్టుకుందంటే, ఆ హాళ్లు అప్పట్లో జనం కలుసుకునే ప్రధాన చోట్లు అని అర్థం. ఇప్పుడు ప్రశ్న వేరే. ఊరు పెద్దదైంది. గాజువాకను, చుట్టుపక్కల గ్రామాలను కలుపుకొని 2005లో జీవీఎంసీ ఏర్పడింది. జనం పెందుర్తి, వేపగుంట, గోపాలపట్నం వైపు నిండిపోయారు. మరి కలుసుకునే చోట్లు జనంతో పాటు ఇటు వచ్చాయా?

ఈ ప్రశ్న ఇప్పుడే అడగడానికి కారణం ఉంది. సింగిల్ స్క్రీన్ థియేటర్లు నడపలేమని యజమానులు రెండేళ్లుగా బహిరంగంగానే చెబుతున్నారు. నాటకానికి ఉన్న హాళ్లు దాదాపు అన్నీ నగరం నడిబొడ్డునే ఉన్నాయి. ఈ రెండింటి మధ్య నష్టపోతున్నది శివారు కుటుంబాలు. అందులో మన కుటుంబాలకు తగిలే నష్టం ఒక పిసరు ఎక్కువే.

ఉక్కు శంకుస్థాపనకు ముందే వచ్చిన తెర

జగదాంబ థియేటర్ తెరుచుకున్న కాలాన్ని ఒకసారి చూడాలి. 1966లో ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ ఉద్యమం జరిగింది, 32 మంది ప్రాణాలు పోయాయి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన చేశారు. అంటే ఉక్కు ఫ్యాక్టరీకి మొదటి రాయి పడక ముందే, ఈ ఊళ్లో 70 ఎం.ఎం. తెర వచ్చేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని తొలి 70 ఎం.ఎం. థియేటర్లలో ఇది ఒకటి.

70 ఎం.ఎం. అంటే మామూలు 35 ఎం.ఎం. ఫిల్ముకు రెట్టింపు వెడల్పు. బొమ్మ పెద్దది, స్పష్టమైనది. శబ్దం ఆరు ట్రాకుల్లో వచ్చేది. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. తెలుగులో మొదటి 70 ఎం.ఎం. సినిమా కృష్ణ తీసిన ‘సింహాసనం’. అది వచ్చింది 1986లో. అంటే తెలుగు బొమ్మ ఆ సైజుకు ఎదగడానికి పదహారేళ్ల ముందే విశాఖలో తెర సిద్ధంగా ఉంది. ఇంగ్లీషు సినిమాలు, హిందీ సినిమాలు ఆడితే చాలు, ఈ ఊరికి చూసే జనం ఉన్నారన్న నమ్మకంతో పెట్టిన పెట్టుబడి అది. నౌకాశ్రయం, 1948లో ‘జలఉష’ ఓడను నీళ్లలోకి దింపిన షిప్‌యార్డ్, నేవీ, రిఫైనరీ, యూనివర్సిటీ: దేశం నలుమూలల నుంచి ఉద్యోగాలకు వచ్చినవాళ్లు ఇక్కడ ఉన్నారు. ఆ లెక్క తప్పలేదు. తర్వాత అదే ఆవరణలో శారద, రమాదేవి తెరలు కూడా వచ్చాయి.

ఈ ఉదాహరణలో ఒక పాఠం ఉంది. జనం ఇవాళ ఎంతమంది వస్తున్నారని చూసి మాత్రమే కట్టే హాలు ఒకటి. ఊరు రేపు ఎటు పెరుగుతుందో చూసి కట్టే హాలు ఇంకొకటి. జగదాంబ రెండో రకం. పెందుర్తి వైపు అలా చూసినవాళ్లు ఇప్పటిదాకా లేరు.

తెర కంటే ముందు వేదిక, వేదిక మీద హిందుస్తానీ

పెందుర్తి రైల్వే స్టేషన్లో నిలబడితే పట్టాలు రెండు వైపులా వెళ్తాయి. ఒక వైపు విశాఖ. ఇంకో వైపు కొత్తవలస మీదుగా విజయనగరం. తెలుగు నాటకం చరిత్రలో ఈ రెండో వైపు ఊరికి పెద్ద పేరుంది. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ మొదటిసారి వేదిక ఎక్కింది 1892లో, విజయనగరంలోనే. ఆడింది జగన్నాథ విలాసినీ సభ. ఆడపిల్లను డబ్బుకు ముసలివాడికి కట్టబెట్టే ఆచారం మీద, జనం మాట్లాడుకునే తెలుగులో రాసిన నాటకం. పుస్తకంగా అచ్చు కావడానికి ఐదేళ్ల ముందే అది జనం ముందు ఆడింది. ముందు వేదిక, తర్వాత పుస్తకం.

అదే నాటకం ఆడిన నటుల్లో జె.వి. సోమయాజులు, ఆయన తమ్ముడు రమణమూర్తి ఉన్నారు. అన్న రామప్పపంతులు, తమ్ముడు గిరీశం. ప్రభుత్వ ఉద్యోగం చేసుకుంటూనే సోమయాజులు నాటకం వదల్లేదు. 1980లో ‘శంకరాభరణం’తో దేశమంతా ఆయన్ని చూసింది. కానీ ఆ నటన తయారైంది ఉత్తరాంధ్ర వేదికల మీద, సాయంత్రాల రిహార్సల్స్‌లో. ఊళ్లో హాలు, రిహార్సల్‌కు చోటు లేకపోతే అలాంటి నటుడు తయారుకాడు.

ఈ కథలో మన ఇళ్లలో ఎక్కువగా చెప్పుకోని ముక్క ఒకటి ఉంది. కోస్తా ఆంధ్రలో ఆధునిక నాటకం మొదలైన రోజుల్లో, అంటే 1880ల్లో, ధార్వాడ నుంచి, బొంబాయి నుంచి వచ్చే నాటక కంపెనీల ప్రభావం బలంగా ఉండేది. పార్సీ కంపెనీలు ఆడేది ఉర్దూ, హిందుస్తానీలో. జనం ఆ పాటలకు, ఆ మాటలకు ఎంత అలవాటు పడ్డారంటే, మచిలీపట్నంలో నాదెళ్ల పురుషోత్తమ కవి ఏకంగా 32 హిందుస్తానీ నాటకాలు రాశారు, తెలుగు లిపిలో. తెలుగు నటులు, తెలుగు ఊరు, తెలుగు అక్షరాలు, భాష మాత్రం హిందుస్తానీ. ఉర్దూ ఇంట్లో, తెలుగు బడిలో పెరిగే మన పిల్లలకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ ఏముంటుంది?

పిఠాపురానికి చెందిన ఉమర్ అలీషా (1885–1945) సంగతీ అంతే. అరబీ, ఫారసీ, ఉర్దూ, సంస్కృతం చదువుకున్న ఆయన తెలుగులో పద్యాలు, నవలలు, నాటకాలు రాశారు. కేంద్ర శాసనసభలో సభ్యుడిగా కూడా పనిచేశారు. ఇక గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్. దూదేకుల ఇంట పుట్టి, పేదరికంలో పెరిగి, ప్రజానాట్యమండలితో కలిసి బుర్రకథను ఊరూరా తిప్పిన మనిషి. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం ఆయన గొంతులో విన్న తరం ఒకటి ఉంది. 1986లో పద్మశ్రీ వచ్చింది. ఆయన జీవితకథ పుస్తకం పేరు ‘పింజారి’. చిన్నచూపుగా పిలిచిన మాటే పుస్తకం పేరైంది.

నాటకం నుంచి సినిమాకు దారి కూడా ఇలాగే పడింది. 1931లో వచ్చిన మన దేశపు తొలి టాకీ ‘ఆలం ఆరా’ హిందుస్తానీది. మరుసటి ఏడాది వచ్చిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’కు మూలం సురభి వాళ్లు ఆడే నాటకం. విజయవాడలో 1921లోనే మారుతీ టాకీస్ వచ్చింది. వేదిక మీద పండినదే తెరకు ఎక్కింది. కాబట్టి సినిమా హాలు గొడవ వేరు, నాటకం హాలు గొడవ వేరు అనుకోవడం సరి కాదు. ఒకే వాగుకు రెండు పాయలు.

ఖాళీ సీటుకు కూడా కరెంటు కాలుతుంది

ఇక ఇప్పటి లెక్కలోకి వద్దాం. 2024 మే నెలలో తెలంగాణలో సింగిల్ స్క్రీన్ థియేటర్లు పది రోజుల పాటు తమంతట తామే షోలు ఆపేశాయి. కొత్త సినిమాలు లేవు, వచ్చే జనం ఖర్చుకు సరిపోవడం లేదు అన్నది కారణం. ఏడాది తర్వాత, 2025 మేలో, జూన్ 1 నుంచి థియేటర్లు మూసేస్తామన్న మాట రెండు రాష్ట్రాల్లోనూ వినిపించింది. ఆంధ్రప్రదేశ్‌లో అది రాజకీయ వేడి కూడా పుట్టించింది. సినిమాటోగ్రఫీ మంత్రి విచారణకు ఆదేశించారు, ఉప ముఖ్యమంత్రి పవన్ కళ్యాణ్ కార్యాలయం అసంతృప్తి తెలుపుతూ ప్రకటన ఇచ్చింది. చివరకు మూత పడలేదు. అందరూ పేర్లు, వర్గాలు మాట్లాడుకున్నారు. అసలు గొడవ ఏంటన్నది మాత్రం పక్కకు పోయింది.

గొడవ అద్దె పద్ధతికి, పర్సంటేజ్ పద్ధతికి మధ్య. అద్దె పద్ధతిలో డిస్ట్రిబ్యూటర్ హాలుకు ఒక మొత్తం కడతాడు, కలెక్షన్ ఎంతైనా అతనిదే. పర్సంటేజ్‌లో వచ్చిన డబ్బును ఇద్దరూ పంచుకుంటారు. యజమానుల ఫిర్యాదు ఏంటంటే, పెద్ద సినిమాకు జనం విరగబడే మొదటి వారం అద్దె ఇస్తారు, జనం పలచబడే రెండో వారం నుంచి పర్సంటేజ్ అంటారు. లాభం వచ్చే రోజుల్లో వాటా లేదు, నష్టం వచ్చే రోజుల్లో వాటా ఉంది. మల్టీప్లెక్సులకు మాత్రం మొదటి రోజు నుంచే పర్సంటేజ్.

దీనికి తోడు పాత హాళ్లకు పుట్టుకతో వచ్చిన ఇబ్బంది ఒకటి ఉంది. అది సైజు. ఉదాహరణకు 800 సీట్ల హాలు ఒకటి అనుకుందాం. రోజుకు నాలుగు ఆటలు, అంటే 3,200 సీట్లు. మామూలు రోజున 15 శాతం నిండితే 480 టికెట్లు. టికెట్ వంద రూపాయలైతే 48,000. అందులో 5 శాతం జీఎస్టీ తీసేస్తే 45,700 పైచిలుకు. సగం వాటా అనుకుంటే హాలుకు మిగిలేది 22,850 రూపాయలు. ఇప్పుడు 200 సీట్ల చిన్న స్క్రీన్ అనుకుందాం. నాలుగు ఆటలకు 800 సీట్లు. 60 శాతం నిండితే అవే 480 టికెట్లు, అవే 22,850 రూపాయలు. ఆదాయంలో తేడా లేదు. కానీ మొదటి హాలు ఒక్కో ఆటకు 680 ఖాళీ సీట్లను చల్లబరుస్తోంది, ఊడుస్తోంది, కాపలా కాస్తోంది. రెండోది 80 ఖాళీ సీట్లను. పెద్ద తెర ఘనత అంతా ఇక్కడికి వచ్చేసరికి కరెంటు బిల్లు అయిపోతోంది.

ప్రభుత్వ నిర్ణయాలు కూడా ఒక దారిలో లేవు. 2021 ఏప్రిల్ జీవోలో పల్లెటూరి నాన్ ఏసీ హాల్లో కనిష్ఠ టికెట్ 5 రూపాయలు. ఏడాది తిరక్కుండా, 2022 మార్చి జీవోలో కనిష్ఠం 20 అయింది. ఆ తర్వాత పెద్ద సినిమాలకు విడివిడిగా పెంపు జీవోలు అలవాటయ్యాయి. ఒక్క మేలు మాత్రం జరిగింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వంద రూపాయల లోపు టికెట్ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. వంద దాటితే 18 శాతమే. తక్కువ ధరకు ఆడించే హాలుకు ఇది కాస్త ఊపిరి. కానీ ఖాళీ సీట్ల జబ్బుకు పన్ను తగ్గింపు మందు కాదు.

నలుగురున్న కుటుంబం కోణంలో చూస్తే ఇంకో లెక్క వస్తుంది. మల్టీప్లెక్స్ టికెట్లు, పాప్‌కార్న్, పార్కింగ్, దారి ఖర్చు కలిపితే నెల సరుకుల్లో ఒక భాగం పోయినట్టే. పెద్ద సినిమా మొదటి రోజు రద్దీ భయం వేరే. 2024 డిసెంబర్ 4 రాత్రి హైదరాబాద్ సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయి, కొడుకు ఆస్పత్రి పాలైన తర్వాత పిల్లలతో రాత్రి ఆటకు వెళ్లాలంటే చాలా ఇళ్లలో రెండుసార్లు ఆలోచిస్తున్నారు. దీంతో ఫోన్లోనే సినిమా. తలా ఒక ఫోను, తలా ఒక మూల.

నాటకానికి హాళ్లు ఉన్నాయి, దూరంగా

విశాఖకు రంగస్థలం లేదని ఎవరూ అనలేరు. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రిజిస్ట్రార్‌గా పనిచేసిన కె.వి. గోపాలస్వామి విద్యార్థి నాటకాన్ని పెంచి పోషించారు. ఓపెన్ ఎయిర్ థియేటర్, కాలేజీల మధ్య నాటక పోటీలు ఆ రోజుల ముచ్చట్లు. యూనివర్సిటీలో రంగస్థల కళల శాఖ ఉంది. పిఠాపురం కాలనీలో కళాభారతి, సిరిపురంలో గురజాడ కళాక్షేత్రం, ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయం ఉన్నాయి. పోర్టు వాళ్ల కళావాణి ఉంది. ప్రభుత్వరంగ సంస్థల రిక్రియేషన్ క్లబ్బులు కూడా ఒకప్పుడు నాటకానికి పెద్ద అండ. పగలు మెషీన్ దగ్గర పనిచేసి సాయంత్రం మేకప్ వేసుకున్న ఉద్యోగులు ఎందరో.

వీటిని సినిమా హాళ్లతో పోల్చితే ఒక విషయం తేలుతుంది. నాటకానికి మిగిలిన హాళ్లలో చాలావరకు యూనివర్సిటీ, పోర్టు, గ్రంథాలయం, సంగీత సభ, పట్టణాభివృద్ధి సంస్థ లాంటి వాటి చేతుల్లోనే ఉన్నాయి. ఏదో ఒక సంస్థ వెనక నిలబడింది కాబట్టి అవి నిలిచాయి. టికెట్ డబ్బు మీదే బతకాల్సి వస్తే ఇవాళ్టికి కల్యాణ మండపాలు అయ్యేవి. ఆ అండ కూడా శాశ్వతం కాదు. ఉక్కు కర్మాగారంలో వంద శాతం వాటాల అమ్మకానికి కేంద్రం 2021 జనవరిలో సూత్రప్రాయంగా ఒప్పుకుంది. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. ఒక సంస్థ తన బతుకు గురించే తడబడుతుంటే, క్లబ్బులో నాటకం గురించి ఎవరు అడుగుతారు?

ఇక దూరం. పెందుర్తి నుంచి సిరిపురం ఇరవై కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. సాయంత్రం ట్రాఫిక్‌లో ఎన్‌ఏడీ దాటి చేరాలంటే గంట దాటిపోతుంది. నాటకం ఆరున్నరకు మొదలై తొమ్మిదిన్నరకు అయితే, ఇల్లు చేరేసరికి పదకొండు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంతో ఆడవాళ్లకు సిటీ బస్సు ఉచితం. మంచిదే. టికెట్ ఖర్చు సున్నా అయింది. కానీ సమయం ఖర్చు అలాగే ఉంది. ఆడపిల్లను రాత్రి పదకొండుకు ఒంటరిగా బస్సు దిగమని ఏ అబ్బా చెప్పడు, ఏ అమ్మీ ఒప్పుకోదు. కాబట్టి నగరంలో ఎంత మంచి హాలున్నా పెందుర్తి ఆడపిల్లకు అది లేనట్టే.

మన ఇళ్లకు దీంతో ఏం పని?

‘సినిమా, నాటకం మనకు ఎందుకు?’ అనే ఇళ్లూ ఉన్నాయి. ఆ అభిప్రాయాన్ని కొట్టిపారేయాల్సిన పని లేదు. ఎవరింటి పద్ధతి వాళ్లది. కానీ హాలు అంటే నాటకం ఒక్కటే కాదు. ముషాయిరాకు హాలు కావాలి. పిల్లల ఉర్దూ, తెలుగు వక్తృత్వ పోటీలకు కావాలి. పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లకు సన్మానానికి కావాలి. ఆరోగ్యం మీద, చదువుల మీద ఆడవాళ్ల సదస్సు పెట్టాలంటే కావాలి. 2022లో చట్టం చేసి ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాషగా గుర్తించారు. గెజిట్‌లో గుర్తింపు వచ్చిన భాషకు, దాన్ని నలుగురిలో పలకడానికి ఒక వేదిక కూడా ఉండాలి కదా.

ఇప్పుడు జరుగుతున్నది ఏమిటి? ఏ కార్యక్రమమైనా షాదీఖానాలో, లేదంటే ప్రైవేటు ఫంక్షన్ హాల్లో. షాదీఖానా పెళ్లిళ్ల కోసం కట్టింది. అక్కడ మాట ప్రతిధ్వనిస్తుంది, వెనక వరుసకు వేదిక కనపడదు. ఫంక్షన్ హాలు అద్దె పెళ్లి ముహూర్తాలను బట్టి ఉంటుంది, విద్యార్థి సంఘం భరించలేదు. పైగా మన కార్యక్రమం మన హాల్లో మన వాళ్ల మధ్యే జరిగితే, పక్క వీధి వాళ్లకు మన సంగతి తెలిసేదెలా? నాజర్ బుర్రకథ విన్నవాళ్లంతా ముస్లింలు కాదు. ఉమర్ అలీషా పద్యాలు చదివినవాళ్లూ అంతే. వాళ్లకు పేరొచ్చింది అందరూ కూర్చున్న చోట నిలబడి మాట్లాడినందువల్ల. ముస్లిం అంటే సినిమాలో విలన్, లేకపోతే హీరోకు ప్రాణమిచ్చే స్నేహితుడు అన్న రెండు బొమ్మలే మిగిలాయని మనం తరచుగా బాధపడతాం. మూడో బొమ్మ మనవాళ్లు రాసి, ఆడి చూపిస్తేనే వస్తుంది. దానికి ముందు పిల్లలు నిలబడే చోటు కావాలి.

హెగ్గోడు ఏం చేసింది?

‘పెందుర్తి లాంటి చోట థియేటరా, నడుస్తుందా?’ అన్న అనుమానానికి జవాబు పొరుగు రాష్ట్రంలో ఉంది. కర్ణాటక శివమొగ్గ జిల్లాలో హెగ్గోడు అనే పల్లెటూరు. పోక తోటల మధ్య చిన్న ఊరు. 1949లో అక్కడ ‘నీనాసం’ అనే నాటక బృందం మొదలైంది. కె.వి. సుబ్బణ్ణ దానికి ప్రాణం. 1972లో ఆ ఊళ్లోనే శివరామ కారంత్ పేరుతో రంగమందిరం వచ్చింది. తర్వాత ఫిల్మ్ సొసైటీ, 1980లో నాటక శిక్షణ సంస్థ, 1985లో ఊరూరా తిరిగే ‘తిరుగాట’ బృందం. 1991లో సుబ్బణ్ణకు మెగసెసే అవార్డు. నటుల కోసం ఆ ఊరు బెంగళూరుకు వెళ్లలేదు, బెంగళూరే నటుల కోసం హెగ్గోడుకు వస్తోంది. ముంబయి జుహూలో 1978లో తెరుచుకున్న పృథ్వీ థియేటర్ ఇంకో ఉదాహరణ. సీట్లు రెండు వందలు. చిన్న హాలు కాబట్టే ఏడాది పొడవునా నాటకాలు ఆడించగలుగుతోంది.

ఈ రెండు ఉదాహరణల్లో కనిపించేది ఒకటే. హాలు చిన్నదిగా ఉండాలి, తరచుగా తెరిచి ఉండాలి, దాన్ని నడిపే స్థానిక కమిటీ ఉండాలి. కోట్లు పోసి వెయ్యి సీట్ల ఆడిటోరియం కట్టి, ఏడాదికి పది రోజులు వాడి, మిగతా రోజులు తాళం వేసుకోవడం మనకు అలవాటైన పద్ధతి. అది 800 సీట్ల సింగిల్ స్క్రీన్ చేసిన తప్పునే ప్రజల సొమ్ముతో మళ్లీ చేయడం.

పెందుర్తి అడగాల్సింది

కోరిక చిన్నదిగా, లెక్క స్పష్టంగా ఉంటే అధికారులు కాదనడం కష్టం. పెందుర్తి వైపు వాళ్లు నాలుగు విషయాలు అడగొచ్చు.

మొదటిది, రెండు వందల నుంచి రెండు వందల యాభై సీట్ల హాలు. జీవీఎంసీ స్థలంలో గానీ, ప్రభుత్వ పాఠశాల ఆవరణలో గానీ. పగలు బడి పిల్లలకు, సాయంత్రం ఊరికి. ఆడవాళ్లకు వేరే దారి, శుభ్రమైన మరుగుదొడ్లు, వెలుతురున్న బస్టాప్. ఇవి ప్లాన్‌లోనే ఉండాలి, తర్వాత చూద్దాం అనకూడదు.

రెండోది, డబ్బు ఎక్కణ్నుంచి? కంపెనీల చట్టం 2013 సెక్షన్ 135 ప్రకారం పెద్ద కంపెనీలు లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. ఆ చట్టం షెడ్యూల్ 7లో కళలు, సంస్కృతి, ప్రజా గ్రంథాలయాలు స్పష్టంగా ఉన్నాయి. విశాఖ చుట్టూ అలాంటి కంపెనీలకు కొదవ లేదు. పొగ, దుమ్ము, లారీల రద్దీ శివారు జనం వాటా అయినప్పుడు, ఈ 2 శాతంలో కూడా వాటా అడగడం న్యాయమే.

మూడోది, టికెట్. తెలుగు నాటకం ఉచితం అన్న అలవాటు నటుణ్ని దాతల ముందు నిలబెట్టింది. జీఎస్టీలో నాటకానికి మినహాయింపు ఉంది. మనిషికి 500 రూపాయల లోపు టికెట్ మీద పన్ను లేదు. రెండు వందల సీట్ల హాల్లో యాభై రూపాయల టికెట్ పెట్టి 120 మంది వచ్చినా 6,000 రూపాయలు. దాంతో బృందం ధనవంతులు కాదు, కానీ వ్యాన్ కిరాయి, లైట్లు, టిఫిన్లు గడుస్తాయి. చెయ్యి చాచక్కర్లేదు.

నాలుగోది, ఉన్న సింగిల్ స్క్రీన్లు. జనం లేక ఉదయం ఆట రద్దయ్యే హాళ్లు, ఆ సమయాన్ని స్కూలు సినిమాలకు, పిల్లల నాటకాలకు, క్విజ్‌లకు తక్కువ అద్దెకు ఇస్తే ఖాళీ సీటుకు కాస్త డబ్బు, ఊరికి ఒక చోటు. లైసెన్సు నిబంధనల్లో ఇలాంటి వాడకానికి తేలికపాటి అనుమతి ఇవ్వడం ప్రభుత్వానికి ఖర్చు లేని పని. తెర ముందు చిన్న వేదిక ఉన్న పాత హాళ్లకు ఇది మరీ సులువు.

ఇవన్నీ అడగాల్సింది మసీదు కమిటీ ఒక్కటీ కాదు, యువజన సంఘం ఒక్కటీ కాదు. కాలనీ సంక్షేమ సంఘాలు, బడి తల్లిదండ్రుల కమిటీలు, నాటకం మీద మక్కువున్న రిటైర్డ్ ఉద్యోగులు, అన్ని మతాల వాళ్లు కలిసి ఒకే కాగితం మీద సంతకాలు పెడితే దానికి బరువు వస్తుంది. జీవీఎంసీ బడ్జెట్ ప్రతి ఏటా తయారవుతుంది, రోడ్లు, కాలువల పద్దు ప్రతి ఏటా ఉంటుంది. పెందుర్తికి ఒక హాలు అన్న పద్దు అందులో చేరాలంటే ఆ కాగితం బడ్జెట్ కంటే ముందే కమిషనర్ టేబుల్ మీద ఉండాలి.